వరసగా 5 టైటిళ్లు కొట్టిన యూఎస్‌సీ బేస్‌బాల్ జట్టు ఎక్కడ ఆగిపోయింది?

స్కోరుబోర్డు_సుబ్బు
సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) బేస్‌బాల్ జాతీయ టైటిళ్ల లెక్కలు ఎక్కడ చూసినా ఒకదానితో ఒకటి పొసగవు. కోచ్ రాడ్ డీడోకి ఒకచోట 11 టైటిళ్లంటారు, ఇంకోచోట 10. జట్టుకి మొత్తం 12 అన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు: 1948, 58, 61, 63, 68, ఆపైన 1970 నుంచి 74 దాకా వరసగా అయిదు, తర్వాత 78, 98. రెండో స్థానంలో ఉన్న ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2025ది కలుపుకుని 8.

నా గోల ఏంటంటే, అప్పట్లో ఒమాహాలో జరిగే చివరి టోర్నీకి, అంటే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి, చేరే దారి చిన్నది. ఇప్పుడు 64 జట్లు, రీజినల్స్, సూపర్ రీజినల్స్ అనే రెండు అంచెలు దాటాలి. ఆనాటి 12నీ ఈనాటి 8నీ ఒకే తక్కెట్లో తూస్తారేంటి? పైగా అంత గొప్ప జట్టు 2001 తర్వాత 2025 దాకా ఒమాహా గడప తొక్కలేదు. ఎందుకని?

తొమ్మిదో_ఇన్నింగ్స్
10, 11 గొడవ 1948 దగ్గరుంది. అసలు కోచ్ శామ్ బ్యారీ. ఆయన బాస్కెట్‌బాల్ కోచ్ కూడా. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళానికి వెళ్తే 1942లో డీడో జట్టు పగ్గాలు పట్టాడు. బ్యారీ తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి నడిపారు. 1948 టైటిల్ ఆ ఉమ్మడి కాలంలోది. 1950లో బ్యారీ చనిపోయాక డీడో ఒక్కడే, 1986 దాకా. కాబట్టి సొంతంగా 10, ఉమ్మడిది కలిపితే 11. పన్నెండోది 1998, అది మైక్ గిలెస్పీ ఖాతా.

గోదారి_గూగ్లీ
అంటే 1948ది జాయింట్ పట్టా అన్నమాట. సర్వే నంబర్ ఒకటే, పాస్‌బుక్కులు రెండు.

తొమ్మిదో_ఇన్నింగ్స్
అదే. ఆ 1948 ఫైనల్ ఒమాహాలో కూడా కాదు, మిషిగన్‌లోని కలమజూలో. ప్రత్యర్థి యేల్, వాళ్ల కెప్టెన్ ఫస్ట్ బేస్‌మన్ జార్జ్ బుష్, పెద్ద బుష్. మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిస్తే కప్పు. మొదటి మ్యాచ్ చివర్లో యేల్‌కి బేస్‌లు నిండి ఉండగా ట్రిపుల్ ప్లే పడి మూడు వికెట్లూ ఒకే దెబ్బకి పోయాయి. తర్వాత బ్యాటింగ్‌కి రావాల్సింది బుష్. ఆన్ డెక్‌లో నిలబడి చూశాడంతే.

పాత_చెక్కబ్యాటు
"వికెట్లు" కాదు మహాప్రభో, ఔట్లు.

తొమ్మిదో_ఇన్నింగ్స్
@పాత_చెక్కబ్యాటు రక్తంలో ఉంది, పోదు.

ఒమాహా_ఒబ్బట్టు
సుబ్బు గారి మొదటి పాయింట్‌కి వస్తా. దారి చిన్నదే, కానీ సందు ఇరుకు. అప్పుడు దేశాన్ని 8 డిస్ట్రిక్టులుగా విడగొట్టి ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి ఒక్క జట్టునే ఒమాహాకి పంపేవాళ్లు. యూఎస్‌సీ ఉన్నది 8వ డిస్ట్రిక్ట్, అంటే పడమటి తీరం. ఏడాది పొడుగునా ఎండ కాసే కాలిఫోర్నియాలో పిల్లలు జనవరిలో కూడా ఆడతారు. అంత ప్రతిభ ఉన్న ప్రాంతం నుంచి ఒక్క టికెట్. ముందు కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల లీగ్) గెలవాలి, తర్వాత డిస్ట్రిక్ట్ గెలవాలి. కాన్ఫరెన్స్‌లో రెండో స్థానం వస్తే బ్యాట్లు సర్దుకోవడమే. ఇప్పుడలా కాదు. 2025లో ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ ఒక్కదాని నుంచే 13 జట్లకి పిలుపొచ్చింది.

ఇంకో తమాషా. అరిజోనా స్టేట్ 7వ డిస్ట్రిక్ట్‌లో ఉండేది. అందుకే టోర్నీలో ఆ రెండు జట్లూ ఒమాహాలోనే తలపడేవి. 1972 ఫైనల్ 1–0, 1973 ఫైనల్ 4–3, 1978 ఫైనల్ 10–3. మూడూ యూఎస్‌సీవే.

స్కోరుబోర్డు_సుబ్బు
@ఒమాహా_ఒబ్బట్టు ఒప్పుకున్నా, సగం. తూర్పు, ఉత్తరం డిస్ట్రిక్టుల నుంచి వచ్చినవి బలహీనంగా ఉండేవి కదా? ఎనిమిదిలో నిజంగా పోటీ ఇచ్చేవి ముగ్గురో నలుగురో.

పాత_చెక్కబ్యాటు
బలహీనమైన జట్టుకైనా ఒక మంచి పిచర్ (బంతి విసిరేవాడు) ఉంటే చాలు, ఆ రోజు ఎదుటి జట్టు మునిగిపోతుంది. బేస్‌బాల్‌లో ఉన్న చిక్కే అది. 1970 ఫైనల్ ఫ్లోరిడా స్టేట్ మీద 2–1, అదీ 15 ఇన్నింగ్స్ సాగి. 1972ది 1–0. ఒక్క గ్రౌండ్ బాల్ రాయికి తగిలి పక్కకి ఎగిరితే "వరసగా అయిదు" అనే మాటే ఉండేది కాదు.

ఇంకోటి గమనించండి. టోర్నీలో అత్యుత్తమ ఆటగాడి అవార్డు 1970లో ఫ్లోరిడా స్టేట్ పిచర్ జీన్ అమ్మన్‌కి, 1971లో టల్సా ఆటగాడు జెర్రీ టాబ్‌కి, 1973లో మినెసోటా డేవ్ విన్‌ఫీల్డ్‌కి. అయిదేళ్లలో మూడుసార్లు కప్పొకరిది, అవార్డింకొకరిది. ఒక్క హీరో మోసిన జట్టు కాదది.

పీజీ_పార్థు
ఒమాహా టోర్నీది డబుల్ ఎలిమినేషన్ అట, అంటే రెండు ఓడితే ఇంటికి, అంతవరకు తెలుసు. మరి ఒకటి ఓడిన జట్టుకి నిజంగా అంత కష్టమా? ఐపీఎల్‌లో క్వాలిఫయర్ 1 ఓడినా ఇంకో ఛాన్స్ ఉన్నట్టేగా?

బుల్‌పెన్_బాబాయ్
అక్కడే పొరబడుతున్నావు పార్థూ. ఐపీఎల్‌లో బౌలర్‌కి నాలుగు ఓవర్లు, ఎల్లుండి మళ్లీ వేస్తాడు. బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, 100, 120 బంతులు వేశాడంటే మళ్లీ పూర్తి బలంతో రావడానికి కనీసం నాలుగైదు రోజులు. కాబట్టి ఇక్కడ ఓటమి ఖరీదు పిచర్ చేతుల్లో కట్టాలి.

ఇప్పటి పద్ధతినే తీసుకో. 8 జట్లు, నాలుగేసి చొప్పున రెండు బ్రాకెట్లు. ఓడకుండా వెళ్లే జట్టుకి ఫైనల్ చేరడానికి 3 మ్యాచ్‌లు, మధ్యలో విశ్రాంతి రోజులు కూడా. మొదటి మ్యాచ్ ఓడిన జట్టుకి 5: ఓడినదొకటి, తర్వాత వరసగా నాలుగు గెలవాలి, చివరి రెండూ అప్పటిదాకా ఓడని జట్టు మీదే. కాలేజీ జట్టులో నమ్మదగ్గ స్టార్టర్లు ముగ్గురుంటే గొప్ప. నాలుగో మ్యాచ్‌కి ఎవణ్ణి దించుతావు? మొదటివాణ్ణి మూడు రోజుల విశ్రాంతితో దించితే బంతి వేగం తగ్గుతుంది, పక్కకి తిరగాల్సిన స్లైడర్ తిరగదు, ప్లేట్ మధ్యలో వేలాడుతుంది. దించకపోతే ఎప్పుడూ ఆరో ఇన్నింగ్స్‌లో వచ్చే కుర్రాడు మొదటి ఇన్నింగ్స్‌లో వస్తాడు. రెండు విధాలా బుల్‌పెన్ (మధ్యలో దించే పిచర్ల దండు) ఖాళీ.

1970లలో రెండు బ్రాకెట్లు కూడా లేవు. ఎనిమిదీ ఒకే చెట్టు, చివరి జట్టు మిగిలేదాకా రెండు ఓటముల లెక్కే. 1988 నుంచి బ్రాకెట్లు విడదీసి ఒక్క మ్యాచ్ ఫైనల్ పెట్టారు, టీవీ కోసం. 2003 నుంచి మూడింట రెండు. అందుకే పాత టైటిళ్లని చులకన చేసే ముందు ఏ పద్ధతిలో గెలిచారో చూడాలి.

పీజీ_పార్థు
ఓహో. అయితే లూజర్స్ బ్రాకెట్ నుంచి వచ్చి గెలిచినవాళ్లు ఉన్నారా?

బుల్‌పెన్_బాబాయ్
1998 యూఎస్‌సీయే. మొదటి మ్యాచ్ ఎల్‌ఎస్‌యూ చేతిలో 12–10తో పోయింది, వాళ్లు ఆ రోజు 8 హోమ్‌రన్లు కొట్టారు. ఎల్‌ఎస్‌యూ అంటే 1996, 97 వరస ఛాంపియన్. ఆ జట్టునే చివర్లో రెండుసార్లు ఓడించి ఫైనల్‌కొచ్చారు. ఫైనల్లో అరిజోనా స్టేట్ మీద 21–14.

గోదారి_గూగ్లీ
21–14? అది బేస్‌బాల్ స్కోరా, ఫుట్‌బాల్ స్కోరా?

పాత_చెక్కబ్యాటు
ఆ బ్యాట్ల పుణ్యం. కాలేజీ ఆటలోకి అల్యూమినియం బ్యాటు 1974లో వచ్చింది. అంటే యూఎస్‌సీ వరస అయిదింటిలో నాలుగు చెక్క బ్యాట్ల కాలంలోవి, అయిదోది లోహం అనుమతించిన మొదటి ఏడు.

చెక్క బ్యాటుకి బంతి తగిలితే నలిగేది బంతి. ఆ నలగడంలో చాలా శక్తి వేడిగా పోతుంది. లోహపు బ్యాటు లోపల డొల్ల. గోడ పలచగా ఉంటుంది కాబట్టి అదే కొంచెం లోపలికి వంగి మళ్లీ స్ప్రింగులా తంతుంది. బంతి తక్కువ నలుగుతుంది, వేగం ఎక్కువ నిలుస్తుంది. దానికి తోడు 1990లలో బ్యాటు నిడివి అంగుళాలకీ బరువు ఔన్సులకీ తేడా 5 దాకా ఉండొచ్చు. 33 అంగుళాల బ్యాటు 28 ఔన్సులే. తేలిక కాబట్టి తిప్పే వేగం ఎక్కువ. లావు 2.75 అంగుళాలు, తప్పు చోట తగిలినా ఎగిరిపోయేది.

1999 నుంచి తేడా 3కి, లావు 2.625 అంగుళాలకి కట్టేశారు. అదే 33 అంగుళాల బ్యాటు ఇప్పుడు 30 ఔన్సులకి తగ్గకూడదు. ఆ 21–14 చూసి భయపడి మార్చారు.

తొమ్మిదో_ఇన్నింగ్స్
@పాత_చెక్కబ్యాటు చివరి వాక్యం ఒప్పుకోను. ఒక్క మ్యాచ్ వల్ల కాదు. అసలు గొడవ పిచర్ ప్రాణం గురించి. పిచింగ్ రబ్బర్ నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. బంతి విసిరాక పిచర్ ఒక పెద్ద అంగ ముందుకొచ్చి ఉంటాడు కాబట్టి మిగిలేది 55 అడుగుల చిల్లర. 100 మైళ్ల వేగంతో బంతి వెనక్కొస్తే అరసెకను కూడా ఉండదు. గ్లవ్ ఎత్తేలోపు మొహం మీదుంటుంది. ఆ వాదన ఒమాహా ఫైనల్ కంటే ముందునుంచే నడుస్తోంది. ఫైనల్ స్కోరు దానికి పోస్టర్ అయింది, అంతే.

పాత_చెక్కబ్యాటు
సరే, పోస్టర్ అనే అందాం. 2011లో ఇంకా బిగించి, చెక్కతో దాదాపు సమానంగా తన్నే బీబీకోర్ బ్యాట్లు తెచ్చారు. దెబ్బకి హోమ్‌రన్లు దాదాపు సగానికి పడిపోయాయి. మళ్లీ 2015లో బంతి కుట్టు ఎత్తు 0.048 అంగుళం నుంచి 0.031కి దించారు. కుట్టు ఎత్తు తగ్గితే గాలి తక్కువ పట్టుకుంటుంది, బంతి కొంచెం దూరం పోతుంది.

ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్
1973 మినెసోటా మ్యాచ్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? టైటిళ్లన్నీ పక్కన పెట్టి అది ఒక్కటి చెప్పినా చాలు.

తొమ్మిదో_ఇన్నింగ్స్
@ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్ దానికోసమే కూర్చున్నా.

ఫైనల్‌కి ముందు మ్యాచ్. మినెసోటా పిచర్ విన్‌ఫీల్డ్, ఆరడుగుల ఆరంగుళాల మనిషి. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లింది బ్యాటింగ్‌తో, కానీ ఆ రోజు చేతిలో బంతి. 8 ఇన్నింగ్స్ అయ్యేసరికి 7–0, యూఎస్‌సీకి దొరికింది ఒకే ఒక్క ఇన్‌ఫీల్డ్ హిట్. 15 స్ట్రైకౌట్లు, అంటే మూడేసి స్ట్రైకులతో ఔట్ చేసినవి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యూఎస్‌సీ 8 రన్లు చేసి 8–7తో గెలిచింది.

ఏమైందంటే, చెయ్యి అయిపోయింది. అప్పుడు పిచ్ కౌంట్ గోల లేదు. పదిహేను మందిని స్ట్రైకౌట్ చేయాలంటే ఒక్కొక్కడికి తక్కువలో తక్కువ మూడు బంతులు, మామూలుగా అయిదారు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యే సరికే బంతుల లెక్క చాలా దూరం పోయి ఉంటుంది. అలసిన పిచర్‌కి మొదట పోయేది వేగం కాదు, ఎత్తు. మోకాలి దగ్గర పడాల్సిన బంతి నడుం దగ్గరికొస్తుంది. వరసగా హిట్లు పడ్డాక కోచ్ విన్‌ఫీల్డ్‌ని లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపాడు. బ్యాటు బలం పోకూడదు కాబట్టి మైదానంలోనే ఉంచాడు. అక్కడ నిలబడి మిగతా రన్లు లెక్కపెట్టుకున్నాడు పాపం. వచ్చిన పిచర్ కూడా ఆపలేకపోయాడు.

గోదారి_గూగ్లీ
అంత జరిగినా అవార్డు ఆయనకే ఇచ్చారంటే ఒమాహా జనం మంచోళ్లే.

స్కోరుబోర్డు_సుబ్బు
సరే, పాత టైటిళ్ల మీద నా కేసు వెనక్కి తీసుకుంటున్నా. రెండో ప్రశ్నకి రండి. తర్వాత ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో స్టార్లయిన మార్క్ మెగ్వైర్, ర్యాండీ జాన్సన్ లాంటివాళ్లు ఇక్కడివాళ్లే కదా. ఆ కాలంలో టైటిళ్లేవీ?

ఒమాహా_ఒబ్బట్టు
లేవు. టైటిల్ సంగతి అటుంచండి, 1979 నుంచి 1994 దాకా ఒక్కసారి కూడా ఒమాహా వెళ్లలేదు. మెగ్వైర్ పిచర్‌గా చేరి బ్యాటర్‌గా మారి 1984లో 32 హోమ్‌రన్లు కొట్టాడు. జాన్సన్ 1983 నుంచి 85. ఇద్దరూ ఒకే జట్టులో ఉండగా కూడా. కారణం సింపుల్. జాన్సన్ అప్పటికి ఇంకా బంతి ఎటు పోతుందో తెలియని ఆరడుగుల పది అంగుళాల కుర్రాడు. ఒక పెద్ద బ్యాటు, ఒక అదుపు లేని చెయ్యి, వీటితో సీజన్ గెలవలేరు. పైగా అవే హైస్కూల్ కుర్రాళ్ల కోసం పోటీపడుతూ పక్కనే కాల్ స్టేట్ ఫుల్లర్టన్ ఎదిగింది. వాళ్లు 1979, 84, 95, 2004లో కప్పు కొట్టారు. 1995ది యూఎస్‌సీని ఫైనల్లో ఓడించే.

బుల్‌పెన్_బాబాయ్
అసలు దెబ్బ 11.7. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద డివిజన్‌లో 2025 దాకా 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్ ఉండేది. బేస్‌బాల్‌కి 1990ల మొదట్నుంచి జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లు మాత్రమే ఉండేవి. ముక్కలు చేసి పంచుకోవచ్చు. తర్వాతి నిబంధనల్లో జట్టు 35 మంది, సాయం అందుకునేవాళ్లు 27కి మించకూడదు, ఒక్కొక్కరికి కనీసం 25 శాతం. 11.7ని 27తో భాగిస్తే తలకి 43 శాతం. మిగతా 57 శాతం ఇంటివాళ్లు కట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు ఫీజు పెట్టండి. యూఎస్‌సీ ప్రైవేటు. 2024–25లో ట్యూషన్ ఒక్కటే 70 వేల డాలర్ల దగ్గర, ఉండటం తినడం కలిపితే 95 వేలు. అందులో 57 శాతం అంటే ఏడాదికి 54 వేలు. అదే కుర్రాడు సొంత రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్తే మొత్తం ఖర్చే 35 వేల లోపు. జార్జియాలో హోప్, లూసియానాలో టాప్స్ లాంటి రాష్ట్ర మెరిట్ స్కాలర్‌షిప్‌లు దాని మీద అదనం. ఒకే 43 శాతం, ఒకచోట చేతి నుంచి 54 వేలు, ఇంకోచోట అందులో మూడో వంతు కంటే తక్కువ. పిల్లాడికి యూఎస్‌సీ కార్డినల్, గోల్డ్ రంగులు ఎంత ఇష్టమైనా తండ్రి కాలిక్యులేటర్ తీస్తాడు.

పీజీ_పార్థు
ఎంఎస్‌కి వచ్చే మనవాళ్లు ఐ-20 చూసి పెట్టే మొహమే ఆ తండ్రి మొహం అనుకుంటా.

పాత_చెక్కబ్యాటు
బాబాయ్, లెక్క బాగుంది కానీ ఒక కన్నం ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రైవేటే, 1987, 88లో గెలిచింది. అది 11.7కి ముందు అంటారు, సరే. మరి రైస్ 2003? మయామీ 1999, 2001? వాండర్‌బిల్ట్ 2014, 2019? అన్నీ ప్రైవేటే, ఫీజులూ తక్కువేం కాదు.

బుల్‌పెన్_బాబాయ్
@పాత_చెక్కబ్యాటు వాండర్‌బిల్ట్ దారి వేరు. వాళ్లు 2009 నుంచి ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయంలో అప్పులు తీసేసి అంతా గ్రాంటుగా మార్చారు. అది ఆటకి ముడిపడని సాయం. కాబట్టి మధ్యతరగతి కుర్రాడు అక్కడ బేస్‌బాల్ డబ్బు లేకపోయినా చదవగలడు. మయామీ, రైస్ మాత్రం నీ వైపు పాయింటే. అక్కడ కోచ్‌లు చాలాకాలం నిలిచారు. యూఎస్‌సీలో 2006లో గిలెస్పీ వెళ్లాక పదహారేళ్లలో నలుగురు మారారు. 2005 తర్వాత ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల పాలకసంస్థ) టోర్నీకి వెళ్లింది 2015లో, ఆపైన 2025లో. 11.7తో గాయమైతే, కోచ్‌ల మార్పుతో అది మానలేదు.

ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్
డీడోకి ఆ బాధ లేదు, జీతం ఏడాదికి ఒక్క డాలరు. సొంత ట్రక్కుల కంపెనీ డార్ట్ మీద బతికాడు. అలాంటి కోచ్‌ని ఇంకో స్కూలు జీతం పెంచి లాక్కుపోలేదు కదా.

గోదారి_గూగ్లీ
రెండు డాలర్లు ఇస్తామంటే?

ఒమాహా_ఒబ్బట్టు
డ్రాఫ్ట్ సంగతి కూడా కలపాలి. డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకోవడం, 1965లో మొదలైంది; మంచి కుర్రాళ్లు హైస్కూల్ నుంచే అందులోకి ఎగిరిపోతారు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడేళ్లయ్యేదాకా, లేదా 21 వచ్చేదాకా మళ్లీ డ్రాఫ్ట్ లేదు. అందుకే కోచ్ ఎప్పుడూ రెండు జాబితాలు పట్టుకు తిరగాలి: సంతకం చేసినవాళ్లు, జులైలో నిజంగా వచ్చేవాళ్లు.

అందులో వింత కేసు పిచర్ టామ్ సీవర్. ఫ్రెస్నో సిటీ కాలేజీ నుంచి వచ్చి 1965లో ఆడాడు. 1966లో ప్రొఫెషనల్ జట్టు బ్రేవ్స్‌తో సంతకం పెట్టాడు. అప్పటికే యూఎస్‌సీ సీజన్ మొదలైంది, రెండు ప్రదర్శన మ్యాచ్‌లు అయిపోయాయి. సీజన్ మొదలయ్యాక సంతకం చెల్లదని ప్రొఫెషనల్ బేస్‌బాల్ కమిషనర్ కొట్టేశాడు. సంతకం పెట్టావు కాబట్టి నువ్వు అమెచ్యూర్ కాదని ఎన్‌సీఏఏ కాలేజీలోనూ ఆడనివ్వలేదు. రెంటికీ చెడ్డ రేవడి. చివరికి బ్రేవ్స్ ఇచ్చినంత ఇస్తామన్న జట్ల పేర్లు టోపీలో వేసి తీశారు. ముందుకొచ్చినవి మూడే: ఫిలీస్, ఇండియన్స్, మెట్స్. మెట్స్ చీటీ వచ్చింది. మూడేళ్లకి వాళ్లు వరల్డ్ సిరీస్ గెలిచారు.

స్కోరుబోర్డు_సుబ్బు
మరి ఇప్పుడు 11.7 పోయిందంటున్నారుగా?

బుల్‌పెన్_బాబాయ్
2025–26 నుంచి. కోర్టు కేసు రాజీతో వచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన స్కూళ్లకి స్కాలర్‌షిప్ పరిమితి లేదు, జట్టు పరిమితి 34 మంది. కావాలంటే 34 మందికీ పూర్తిగా ఇవ్వచ్చు. అయితే "ఇవ్వచ్చు" వేరు, "ఇస్తారు" వేరు. 34 మందికి ఏడాదికి 95 వేల చొప్పున 32 లక్షల డాలర్ల పైమాట. ఆ డబ్బు ఫుట్‌బాల్ బడ్జెట్ పక్కన నిలబడి అడగాలి. ఎస్‌ఈసీలో బేస్‌బాల్‌కే వేలమంది టికెట్ కొనుక్కుని వస్తారు. యూఎస్‌సీ సొంత మైదానం, పాత డీడో ఫీల్డ్ సీట్లే 2,500.

పాత_చెక్కబ్యాటు
ఆ డీడో ఫీల్డ్‌ని కూడా పడగొట్టి కొత్తది కట్టే పనిలో పడ్డారు. 2024, 25లో సొంత మ్యాచ్‌లు చాలావరకు అర్వైన్‌లోని గ్రేట్ పార్క్‌లో ఆడారు, క్యాంపస్‌కి 40 మైళ్లు. అలా ఉండి కూడా 2025లో కోచ్ స్టాంకీవిచ్ జట్టు టోర్నీకి వెళ్లిందంటే మెచ్చుకోవాలి. కోర్వాలిస్ రీజినల్‌లో ఓరెగన్ స్టేట్ దగ్గర ఆగింది.

పీజీ_పార్థు
యూఎస్‌సీ 2024లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లోకి మారడం మంచిదా చెడ్డదా?

ఒమాహా_ఒబ్బట్టు
@పీజీ_పార్థు ఆటకి చెడ్డ, ఖజానాకి మంచి. మార్చిలో మిషిగన్, మినెసోటాలో చలికి పిచర్ వేళ్లు బిగుసుకుపోతాయి, బంతి పట్టు దొరకదు, బ్రేకింగ్ బాల్ జారిపోతుంది. ఎల్‌ఏ నుంచి న్యూజెర్సీకి విమానంలో అయిదు గంటలు, మూడు గంటల టైమ్ తేడా, శుక్రవారం సాయంత్రం మొదటి బంతి. గురువారం పరీక్ష ఉన్న స్టార్టర్‌ని ముందే విడిగా పంపాలా, జట్టుతో తీసుకెళ్లాలా అనేది ప్రతి వారం లెక్కే.

ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్
చలి అంటే గుర్తొచ్చింది, యూఎస్‌సీ పిచర్ మార్క్ ప్రయర్ 2001 అంకెలు ఎవరూ పెట్టలేదు. 15 గెలుపులు, 1 ఓటమి, 202 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్లు) 1.69. 2025 దాకా చూస్తే యూఎస్‌సీ ఒమాహాకి చివరిగా వెళ్లిన ఏడు అదే.

గోదారి_గూగ్లీ
@ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్ చలికీ ప్రయర్‌కీ సంబంధం ఏంటి సామీ?

ఎర్రబస్సు_ఎక్స్‌ప్రెస్
బ్యాటర్లకి వణుకు.